రోగికి సరిపోలిన పంది

ఆ సంస్థకు వచ్చిన చిక్కల్లా పందులు బతకడమే.

సంస్థ పేరు కాలేయ వ్యాధుల ప్రాంతీయ వైద్య, పరిశోధనాలయం. పేరు నోరు తిరగక జనం లివరాసుపత్రి అంటారు. ఒకే ప్రహరీ లోపల రెండు భవనాలు. పాతదాంట్లో మనుషులకు వైద్యం, కొత్తదాంట్లో పందుల మీద పరిశోధన. కాలేయం ఉన్నట్టుండి పూర్తిగా చెడిపోతే ఏమవుతుందో, ఏ మందు ఎప్పుడు ఇస్తే నిలబడుతుందో మనిషి మీద చేసి చూడలేరు కనక మనిషికి బదులు పందిని పెట్టుకున్నారు. జ్వరానికి అందరూ వేసుకునే మామూలు మాత్రే మోతాదు మించితే కాలేయాన్ని తినేస్తుంది. ఆ మాత్రను గొట్టంతో పంది పొట్టలోకి పంపేవారు. అది మేత మానేసి, కళ్ళు పచ్చబడి, తల వాల్చేయగానే విరుగుడు సూదిమందు ఎక్కించేవారు. విరుగుడు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. ఎప్పటినుంచో ఉన్నదే. వేళకు పడితే పనిచేస్తుంది. పందులకు వేళకే పడేది. చాలామటుకు లేచి మళ్ళీ తవుడు తినేవి.

పాత భవనానికి అదే జబ్బుతో వచ్చిన మనుషులు చాలామటుకు లేచేవారు కాదు.

ఇదేమిటని పాత భవనాన్ని ఎవరూ అడగలేదు. కొత్త భవనాన్ని మాత్రం ఢిల్లీ అడిగింది. పరిశోధనకు నిధులిచ్చే కార్యాలయం నుంచి తాఖీదు వచ్చింది. "నమూనా జంతువు రోగిని పోలి ఉండవలెను. మీ రోగులు మరణించుచున్నారు. మీ పందులు జీవించుచున్నవి. కావున మీ నమూనా లోపభూయిష్టము. సవరించుకొనునంత వరకు తదుపరి విడత నిధులు నిలుపుదల చేయడమైనది" అని అందులో ఉంది.

ఆ తాఖీదు వచ్చిన వారంలోనే నాంచారయ్య మాస్టారికి సంస్థ నుంచి కబురు వచ్చింది. దానికీ దీనికీ సంబంధం ఉందని ఆయనకు అప్పుడు తెలియదు.

నాంచారయ్య మాస్టారు జిల్లాపరిషత్ హైస్కూల్లో సోషల్ చెబుతారు. ఆయన భార్య కనకవల్లి ఆ వానాకాలంలో లివరాసుపత్రిలోనే పోయింది. ఒళ్ళునొప్పుల జ్వరం వచ్చి ఊళ్ళో డాక్టరు ఇచ్చిన మాత్రలు వేసుకుంది. తగ్గక మందులషాపు వాడిచ్చినవీ వేసుకుంది. పక్కింటావిడ ఇచ్చినవి కూడా వేసుకుంది. మూడు అట్టల మీద మూడు పేర్లు. లోపల ఉన్న మందు ఒకటే. ఆస్పత్రి గేటు దాటేటప్పటికి ఆమె మాట్లాడుతూనే ఉంది. విరుగుడు కూడా అదే ప్రహరీ లోపల, కొత్త భవనం స్టోరులో ఉంది. అది ఆవిడ దగ్గరికి వచ్చేలోగా ఆవిడ మాట్లాడడం మానేసింది.

పెద్దకర్మ అయ్యాక మాస్టారు సంస్థకు ఒక అర్జీ రాశారు. ఎవరినీ నిందించలేదు. అందులో ఒక్క విశేషణం లేదు. 'విరుగుడు మందును గేటు దగ్గరే ఉంచవలెను. రోగి రాగానే ముందు సూది వేసి, తరువాత వివరములు రాసుకొనవలెను.' అంతే. ఇంకెవరూ తన భార్యలా పోకూడదన్నది ఒక్కటే ఆయనకు మిగిలిన కోరిక. అర్జీ నాలుగు బల్లలు తిరిగి డైరెక్టరు బల్ల మీదికి చేరింది. జంతువుల మీద ప్రయోగాలు చేసే ప్రతి సంస్థలోనూ ఒక నైతిక కమిటీ ఉండాలని, అందులో శాస్త్రజ్ఞుడు కాని ఒక సమాజ ప్రతినిధి ఉండాలని రూలు. ఆ కుర్చీ ఖాళీగా ఉంది. ఇంత మర్యాదగా అర్జీ రాసినవాడు కమిటీలో కూడా మర్యాదగానే కూర్చుంటాడని డైరెక్టరుకు తోచింది.

మాస్టారు ఒప్పుకున్నారు. లోపలికి వెళ్తే అర్జీ సంగతి నోటితో చెప్పుకోవచ్చుననుకున్నారు.

కమిటీలో నలుగురు. డైరెక్టరు డాక్టర్ చక్రధరం అధ్యక్షులు. పరిపాలనాధికారి సత్యవాణిగారు మినిట్సు రాస్తారు. పందుల్ని చూసుకునే పశువుల డాక్టరు బుల్లయ్య ఒకరు. నాలుగోవారు మాస్టారు. బిస్కట్లు వచ్చాయి. చక్రధరంగారు గొంతు సవరించుకున్నారు.

"మనం ఇక్కడ ఎమోషనల్‌గా ఆలోచించకూడదు. సైంటిఫిక్‌గా ఆలోచించాలి. ఒకవైపు రోగుల ఫలితాలు, మరోవైపు పందుల ఫలితాలు. రెండూ సరిపోలడం లేదు. రెండింట్లో ఒకదాన్ని సర్దుబాటు చేయడం ఈ కమిటీ కర్తవ్యం."

మాస్టారు లేచి నిలబడ్డారు. బళ్ళో అలవాటు.

"కూర్చునే చెప్పండి మాస్టారూ."

"మనుషులక్కూడా పందులకిచ్చినంత త్వరగా మందిస్తే సరిపోలతాయి కదండీ. దాని గురించే నేనొక అర్జీ..."

"బ్రహ్మాండమైన పాయింటు" అన్నారు చక్రధరంగారు. "సత్యవాణీ, సమాజ ప్రతినిధి స్పందన రికార్డు చెయ్యండి. కానీ మాస్టారూ, ఇది జంతు కమిటీ. మనుషులు మన పరిధిలోకి రారు."

"మరి ఎవరి పరిధిలోకి వస్తారండీ?"

చక్రధరంగారు సత్యవాణిగారి వంక చూశారు. ఆవిడ కాగితాలు అటూ ఇటూ తిప్పి చూసింది.

"దానికింకా కమిటీ పళ్ళేదండి" అంది.

"కాబట్టి రోగుల వైపు మనం వేలు పెట్టకూడదు. పందుల వైపే సర్దాలి."

బుల్లయ్య అప్పటిదాకా బిస్కట్టును టీలో ముంచుకుని తింటున్నాడు. మాట దాచుకునే మనిషి కాదు. "పందుల వైపు సర్దడమేందండీ! అవి సుబ్బరంగా బతుకుతుంటే? ఏం, వాటిని కూడా తీసకపోయి పాత బిల్డింగులో ఓపీ లైన్లో నిలబెట్టమంటారా?"

అతను నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. చక్రధరంగారు కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు.

"డాక్టర్ బుల్లయ్య ప్రతిపాదనను కమిటీ హర్షిస్తోంది" అన్నారు.

"సార్, నేను ఎకసెక్కానికన్నాను."

"శాస్త్రంలో గొప్ప ఆలోచనలన్నీ అలాగే పుడతాయి. రాసుకోండి సత్యవాణీ. నమూనా జంతువుకు, రోగికి మధ్య తేడా జీవలక్షణాల్లో లేదు. పరిసరాల్లో ఉంది. జంతువుకు రోగి పరిసరాలను యథాతథంగా కల్పించవలెను. ఇక రోగి గేటులో ప్రవేశించింది మొదలు అతనికి మందు అందేవరకు జరిగే ప్రక్రియను ఎవరైనా వివరించాలి."

చక్రధరంగారి అత్తగారికి బాగా లేనప్పుడు వెనక గేటు తీశారు. సత్యవాణిగారి తమ్ముణ్ణి నేరుగా గదిలోకి తీసుకుపోయారు. బుల్లయ్య ఆస్పత్రికెప్పుడూ పోడు. తన మందులు తనే వేసుకుంటాడు. ముందు గేటులోంచి లోపలికి వెళ్ళిన మనిషి ఆ గదిలో ఒక్కరే ఉన్నారు. అందరూ ఆయన వంక చూశారు.

మాస్టారు ఆలోచించారు. చెబితే మినిట్సులో పడుతుంది. పడితే ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు చదువుతారు. చెప్పారు.

"ముందు గేటు దగ్గర చీటీ అండి. చీటీకి లైనుంటుంది. అప్పటికే జనం చెప్పులు వరసలో పెట్టి చెట్టు కింద కూర్చునుంటారు. మనం చెప్పులు పెట్టకపోతే లైన్లో లేనట్టే."

"చెప్పులు" అని రాసింది సత్యవాణిగారు.

"చీటీ తీసుకుని క్యాజువాలిటీకి వెళ్తే రక్తపరీక్ష ఉందా అంటారు. రక్తపరీక్షకు వెళ్తే పడక నంబరు ఏదంటారు. పడక కోసం వెళ్తే రక్తపరీక్ష రిపోర్టు తెమ్మంటారు."

"దీన్ని బొమ్మ గీసి చూపించాలి" అన్నారు చక్రధరంగారు ఉత్సాహంగా. "కూర్చునే సదుపాయం?"

"బెంచీ ఉందండి. దాని మీద ఖాళీ సిలిండర్లు పెట్టారు."

"మరి మీరెక్కడ కూర్చున్నారు?"

"నేను నిలబడ్డాను. ఆవిడ నా మీద ఆనుకుంది."

"ఆనుకోవడం" అన్నారు చక్రధరంగారు. "అంటే పందికి అటెండెంటు కావాలి. రాయండి. తరవాత?"

"మందు చీటీ మీద పెద్ద డాక్టరుగారి సంతకం కావాలన్నారు. ఆయన టీకి వెళ్ళారన్నారు."

"టీ కూడా పెట్టండి. యథాతథంగా ఉండాలి."

మాస్టారు ఆ తరవాతది చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. కమిటీకి కావలసింది మందు అందేవరకు జరిగే ప్రక్రియ మాత్రమే.

వచ్చే సోమవారం ప్రయోగం అన్నారు. ఎంచిన పంది ఆడది, తెల్లది. తొమ్మిది నెలల వయసు. దానికి మాత్ర పట్టించి, కళ్ళు పచ్చబడ్డాక స్ట్రెచరు మీద ముందు గేటు దగ్గరికి తెచ్చారు. స్ట్రెచరుకు ఒక చక్రం తిరగదు. అదీ యథాతథమే. అటెండెంటు బుల్లయ్య. పరిశీలకులుగా చక్రధరంగారు, మాస్టారు పక్కన నిలబడ్డారు.

చీటీల లైన్లో అప్పటికే చెప్పుల వరస గేటు దాకా ఉంది.

"ఏందయ్యో, ఆ పందిని ముందుకు తోస్తన్నావు?" అంది ఒకావిడ. "నేను తెల్లారగట్ట చెప్పులు పెట్టిపోయిన దాన్ని."

"పెద్ద జబ్బు తల్లీ దానికి" అన్నాడు బుల్లయ్య.

"మాకు చిన్న జబ్బులా? దాని చెప్పులేవీ?"

బుల్లయ్య కిందికి చూశాడు. పంది కాళ్ళకు చెప్పులు లేవు. తన బూటు ఒకటి విప్పి వరస చివర పెట్టాడు. ఒంటి బూటుతో పక్కకు వచ్చి నిలబడ్డాడు.

"పెద్ద మడిసే! పందికోసరం బూటిప్పాడు" అని లైన్లో ఎవరో మెచ్చుకున్నారు.

చీటీ కిటికీ దగ్గరికి చేరేటప్పటికి ఎండ నడినెత్తికి వచ్చింది. లోపల గుమాస్తా తల ఎత్తలేదు.

"పేరు?"

"నమూనా" అన్నాడు బుల్లయ్య.

"ఇంటిపేరు?"

"లేదండి."

"తండ్రి పేరు?"

"సీమ పంది. అంతకన్నా తెలవదు."

"వయసు?"

"తొమ్మిది నెలలు."

గుమాస్తా చీటీ వెనక్కి తోశాడు. "పసిపిల్లల్ని ఇక్కడ చూడం. పిల్లలాసుపత్రికి పోండి. పోకపోతే, ఈ బిడ్డ మాది కాదని వాళ్ళ దగ్గర రాయించుకు రండి."

బుల్లయ్య మాస్టారి వంక చూశాడు. "ఇప్పుడేం చెయ్యాల మాస్టారూ?"

"మూడేళ్ళు వేసుకోమనండి" అన్నారు మాస్టారు మెల్లగా. "మూడైతే ఏమీ అనడు. మా ముందువాళ్ళు అలాగే చేశారు."

చీటీ దొరికింది. క్యాజువాలిటీలో రక్తపరీక్ష ఉందా అన్నారు. రక్తపరీక్ష దగ్గర పడక నంబరన్నారు. పడక దగ్గర రిపోర్టన్నారు. బెంచీ మీద సిలిండర్లున్నాయి. స్ట్రెచరు ఇంకో రోగికి కావాలని వార్డుబాయి లాక్కుపోతే పందిని నేల మీద దించారు. అది లేవలేక బుల్లయ్య కాలికి ఆనుకుని పడుకుంది. మాస్టారు గోడ వైపు తిరిగి నిలబడ్డారు.

మందు చీటీ మీద సంతకానికి వెళ్తే పెద్ద డాక్టరుగారు టీకి వెళ్ళారు. ఆయనకు ప్రయోగం సంగతి తెలియదు. ఆయన నిజంగానే టీకి వెళ్ళారు.

ఆయన వచ్చేలోగా పంది పోయింది.

బుల్లయ్య వంగి దాని చెవి వెనక చెయ్యి పెట్టి చూశాడు. "నా చేతుల్లో పుట్టిందండీ ఇది" అన్నాడు.

"సరిపోలింది!" అన్నారు చక్రధరంగారు. మాస్టారి చెయ్యి పట్టుకుని ఊపారు. "మాస్టారూ, సరిగ్గా సరిపోలింది. మీ భార్యగారి కేసుకి, దీనికి వెంట్రుకవాసి తేడా లేదు. మీ సహకారం లేనిదే ఇది సాధ్యమయ్యేది కాదు."

మాస్టారు నమస్కారం చేశారు. వేరే ఏం చేయాలో ఆయనకు తెలియలేదు.

ఢిల్లీకి నివేదిక వెళ్ళింది. నిధులు రాకముందే జంతు సంక్షేమ పరిశీలకుడు వచ్చాడు. పేరు రంగాచారి. సన్నగా, పొడుగ్గా, కళ్ళ కింద నలుపుతో ఉన్నాడు. సమావేశంలో నివేదికను పైకి చదివాడు. చదవడం ఆపి కాగితాలు బల్ల మీద పడేశాడు.

"నొప్పితో ఉన్న ప్రాణిని ఎండలో నిలబెట్టారు. ఈ బల్ల నుంచి ఆ బల్లకి తిప్పారు. నేల మీద పడుకోబెట్టారు. మందు ఉండి కూడా, సంతకం కోసం అట్టే పెట్టుకున్నారు. అది చూస్తూ ఉండగా ప్రాణం పోయింది. అయ్యా, ఇరవై రెండేళ్ళుగా ఈ ఉద్యోగం చేస్తున్నాను. ఇంత క్రూరత్వం ఎక్కడా చూడలేదు."

"మేము మనుషుల విషయంలో పాటించే పద్ధతినే..." అని చక్రధరంగారు మొదలుపెట్టారు.

రంగాచారి బల్ల మీద అరచేత్తో కొట్టాడు. "మనిషి వేరు! ఇది నోరులేని జీవమండీ! మనుషుల పద్ధతిని జంతువు మీద ప్రయోగించడం శిక్షార్హమైన నేరం. జైలుకి వెళ్తారు మీరు. అసలు ఈ ప్రక్రియ చెప్పిందెవరు?"

మాస్టారు లేచి నిలబడ్డారు.

"నేనండి."

"చదువుకున్నవారిలా ఉన్నారు. ఇదంతా చూస్తూ నిలబడ్డారా? మీకు జాలి లేదూ?"

"ఉందండి" అన్నారు మాస్టారు.

రంగాచారి అక్కడికక్కడే ఉత్తర్వు రాయించాడు. విరుగుడు మందును గేటు దగ్గరే ఉంచవలెను. కాలేయం చెడిన నమూనా జంతువు రాగానే ముందు సూది వేసి, తరువాత వివరములు రాసుకొనవలెను. రాత్రింబగళ్ళు ఒక నర్సు ఉండవలెను. ఆలస్యం చేసినవారు జైలుకు పోదురు. మాస్టారు ఉత్తర్వు ప్రతిని రెండుసార్లు చదివారు. తన అర్జీలో వాక్యాలే. రోగి అన్నచోట జంతువు అని ఉంది.

సాయంత్రానికి గేటు పక్కన బల్ల వెలిసింది. బల్ల మీద సీసాలు, పక్కన పరుపున్న మంచం, పైన పందిరి, ఫ్యాను. 'జంతువులకు మాత్రమే' అని బోర్డు. జైలు మాట వింటే ఆ సంస్థ ఎంత చురుగ్గా పనిచేయగలదో అందరికీ తెలిసింది. చీటీల లైను ఆ పందిరి పక్కనుంచే సాగింది. జనం దాని నీడలో చెప్పులు పెట్టుకున్నారు.

"రోగుల్ని కూడా కలపండి సార్" అన్నారు మాస్టారు డైరెక్టరుతో. "బల్ల ఉంది. మందుంది. నర్సమ్మ ఖాళీగానే ఉంది."

"మాస్టారూ, నాకు మాత్రం బాధ లేదా? పరిధి అడ్డొస్తోంది" అన్నారు చక్రధరంగారు. నిజంగానే బాధపడ్డారు.

ఉత్తర్వులో ఇంకో ముక్క ఉంది. బల్ల దగ్గర కమిటీ సభ్యులు వంతులవారీగా కాపలా ఉండాలి. ఏ జంతువునైనా ప్రయోగంలో చేర్చుకోవాలంటే సమాజ ప్రతినిధి సంతకం చాలు. దసరా సెలవుల్లో మాస్టారి వంతు వచ్చింది. ఆయన కుర్చీలో కూర్చునుండగా ఆటో ఒకటి గేట్లోకి దూసుకొచ్చింది. అందులోంచి ఒకావిడ దిగి, లోపలి మనిషిని కిందికి లాగలేక లాగుతోంది.

మనిషి పేరు యెల్లమంద. మిర్చియార్డులో మూటలు మోస్తాడు. నడుంనొప్పికి రోజూ గుప్పెడు మాత్రలు మింగుతున్నాడట. కళ్ళు పసుపు ముద్దల్లా ఉన్నాయి.

నర్సు సీసా వంక చూసింది. బోర్డు వంక చూసింది. "నన్ను చూడబాకండి మాస్టారూ. నా ఉద్యోగం పోద్ది" అంది.

యెల్లమంద భార్య రత్తాలు చీటీ కిటికీ ఎక్కడని అడుగుతోంది. మాస్టారు ఆమె దగ్గరికి వెళ్ళారు. ఆయన చాలా నెమ్మదిగా మాట్లాడారు.

"అమ్మా, మీ ఆయన్ని మా పుస్తకంలో పందిగా రాసుకుంటే ఇప్పుడే మందు వేస్తారు. మనిషిగా అయితే ఆ లైన్లో నిలబడాలి. నీకేమైనా అభ్యంతరమా?"

రత్తాలు ఆయన్ని ఎగాదిగా చూసింది. ఎగతాళి కాదని ఆయన మొహం చూస్తే తెలుస్తోంది.

"పందనే రాసుకో, గాడిదనే రాసుకో బాబూ. ఇంటికాడ నేను రోజూ అనేదేగా" అని ఒక్కసారి ఏడ్చేసింది. "ముందు సూదెయ్యండయ్యా."

మాస్టారు సంతకం చేశారు. నియమం ప్రకారం చెవికి పసుపు బిళ్ళ ఉండాలి. చెవి కుట్టే తీరిక లేక దారంతో కట్టారు. నర్సు సూది వేసింది. ఆ తరవాత మాస్టారు కుర్చీలో కూర్చున్నారు గానీ కలం మూత పెట్టడం మరిచిపోయారు. మందు సీసాలోంచి బొట్టు బొట్టుగా దిగుతుంటే, అది ఎంత మామూలు సంగతో చూస్తూ ఉండిపోయారు.

యెల్లమంద బతికాడు. మూడోనాడు లేచి బీడీ అడిగాడు.

ఆ వారం చీటీల లైన్లో చెప్పులు తగ్గిపోయాయి. ఊరూరా కబురు పాకింది. ఆటోలు గేట్లోకి వస్తూనే, "సారూ, పంది! పందొచ్చింది!" అని డ్రైవర్లు కేకలు పెట్టేవారు. మండలాధ్యక్షుడి మేనమామను కూడా పందిగానే తెచ్చారు. ఆయన సీమ పందిగా రాయమని పట్టుబట్టాడు. రాశారు.

సంగతి తెలిసి చక్రధరంగారు అగ్గిమీద గుగ్గిలమయ్యారు.

"మనుషుల్ని పందులుగా రాస్తారా? వెంటనే అందర్నీ పాత భవనానికి పంపించెయ్యండి!"

సత్యవాణిగారు ఉత్తర్వు తీసి చూపించింది. "చికిత్స మధ్యలో జంతువును ప్రయోగం నుంచి తీసేస్తే నేరం అండి. జైలు."

చక్రధరంగారు కూర్చున్నారు. మంచినీళ్ళు తాగారు. కాసేపటికి ఆయన మొహం తేటపడింది. "అంటే ఈ నెలలో కాలేయం చెడి పాత భవనంలో ఎంతమంది రోగులు పోయారు?"

"రోగులే లేరు కదండీ. అందరూ పందులే."

"అంటే మన సంస్థలో ఈ జబ్బుతో మనుషులెవరూ చనిపోవడం లేదు!" చక్రధరంగారు లేచి నిలబడ్డారు. "దేశంలో ఇంకెక్కడైనా ఉందా ఇలా?"

రంగాచారి మళ్ళీ తనిఖీకి వచ్చాడు. కొత్త భవనంలో చల్లటి గదుల్లో చెవులకు పసుపు బిళ్ళలు కట్టుకుని, లుంగీలతో, చీరలతో పందులు మంచాల మీద కూర్చునున్నాయి. ఆయన టేపు తీసి ఒక్కో జంతువుకు ఎంత చోటు ఇచ్చారో కొలిచాడు. పక్కదుప్పట్లు ముట్టుకుని చూశాడు.

"ఒకే మంచం మీద రెండిటిని పెట్టడం లేదు కదా?"

"అయ్యో, అది మనుషుల వార్డులోనండి" అన్నాడు బుల్లయ్య.

రంగాచారి ఒక మంచం దగ్గర ఆగి, వంగి, కరుణగా అడిగాడు. "మేత వేళకు పెడుతున్నారా?"

"పెడుతున్నారయ్యా. కూరలోనే కాస్త ఉప్పు సాలట్లేదు" అన్నాడు యెల్లమంద.

జంతువులు ఉల్లాసంగా ఉన్నవి, మేతలో ఉప్పు పెంచవలెను అని రంగాచారి రాసుకున్నాడు. పాత పందులు దొడ్లో ఉన్నాయి. వాటి మీద ఏ ప్రయోగమూ జరగక కొవ్వు పట్టాయి. బుల్లయ్య రోజూ పొద్దున్నే వెళ్ళి వాటి పక్కన కూర్చుని టీ తాగుతున్నాడు.

యెల్లమందను ఇంటికి పంపే రోజు వచ్చింది. ప్రయోగం ముగిసిన జంతువును ఊరికే బయటికి వదలకూడదు, దత్తు తీసుకునేవారు సంతకం చేయాలి. ఒక మగ పందిని దత్తు తీసుకుని, దాన్ని హింసించనని, మాంసానికి అమ్మనని రత్తాలు వేలిముద్ర వేసింది.

"అమ్మితే మాత్రం కొనేవాడెవడు, అన్నీ ఎముకలే" అని మొగుడి రెక్క పట్టుకుని ఆటో ఎక్కించింది. ఆటో కదిలాక తల బయటపెట్టి మాస్టారికి దణ్ణం పెట్టింది.

సంవత్సరం చివర ఢిల్లీకి నివేదిక పంపాలి. చక్రధరంగారు మాస్టారిని పిలిపించారు. ఎదురుగా కుర్చీ వేయించారు. గొంతు తగ్గించి మాట్లాడారు.

"మాస్టారూ, ఒక చిన్న ఇబ్బంది. పందుల ఫలితాలు ఒక వరస. వాటిని పోల్చి చూడ్డానికి పక్కన మనుషుల వరస. బల్ల పెట్టాక మనకు మనుషులు దొరకలేదు. వరస ఖాళీగా ఉంటే ఢిల్లీ ఒప్పుకోదు. బల్ల పెట్టకముందు ఆఖరుగా పూర్తి వివరాలున్న కేసు మీ భార్యగారిది. మీ నోటితో మీరే చెప్పారు కదా. బంధువుల అనుమతి ఉంటే వాడుకోవచ్చు."

సత్యవాణిగారు కాగితం ముందుకు జరిపింది. ఎడమవైపు పందుల వరస కిందిదాకా నిండుగా ఉంది. ప్రతి పేరు ఎదురుగా జీవించినది, జీవించినది అని ఉంది. కుడివైపు మనుషుల వరసలో ఒక్కటే గీత. ఆడ మనిషి. మందు అందలేదు. మరణించినది.

మాస్టారు దాన్ని చాలాసేపు చదివారు. ఒక్క గీతలో చదవడానికి అంతసేపు పట్టేదేమీ లేదు.

"ఈవిణ్ణి కూడా ఎడంవైపు రాయండి" అన్నారు.

సత్యవాణిగారు డైరెక్టరు వంక చూసింది. ఆయన ఏమీ అనకపోయేసరికి తనే చెప్పింది. ఆవిడ గొంతు మెత్తగానే ఉంది.

"పాత తేదీతో చేర్చడం కుదరదు మాస్టారూ. ఆవిడ వచ్చేటప్పటికి మనుషుల్ని పందులుగా తీసుకోవడం మొదలుపెట్టలేదు కదండీ."

"తెలుసండి" అన్నారు మాస్టారు. "అడిగి చూద్దామనిపించింది."

ఆయన కాగితాన్ని తిన్నగా జరుపుకుని, బళ్ళో హాజరుపట్టీ మీద పెట్టినట్టు పొడి అక్షరాలు కాకుండా, పూర్తి పేరుతో సంతకం చేశారు. బయట ఆటో హారన్ వినిపించింది. ఆ పూట గేటు దగ్గర వంతు ఆయనదే. సెలవు తీసుకుని మెట్లు దిగారు.